యంత్రం దిద్దే పాఠం, దిద్దలేని పాఠం

ఇంట్లో కూర్చుని, తీరిక దొరికిన వేళ, ఎవరి వేగంతో వాళ్లు వెబ్‌సైట్ డిజైన్ నేర్చుకోవడం సాధ్యమేనా? కోర్సు అమ్మేవాళ్లను అడిగితే మూడు నెలల్లో ఉద్యోగమంటారు. కొని మధ్యలో వదిలేసినవాళ్లను అడిగితే డబ్బు దండగంటారు. ఈ రెండు మాటలూ సగం సగమే నిజం. వెబ్‌సైట్ డిజైన్ అనే ఒక్క పేరు కింద నిజానికి రెండు విద్యలున్నాయి. పేజీని కట్టడం ఒకటి: హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కాస్త జావాస్క్రిప్ట్. ఆ పేజీ ఎవరికోసం, ఏది ముందు కంటబడాలి, అక్షరం ఎంత ఉండాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అని తేల్చుకోవడం రెండోది. మొదటిదాన్ని యంత్రం దిద్దగలదు, రెండోదాన్ని దిద్దలేదు. ఆన్‌లైన్ కోర్సుల మంచీ చెడూ చాలావరకు ఈ తేడాలోంచే పుడుతున్నాయని నా అభిప్రాయం.

ఎవరి వేగం వారిదనే పద్ధతి ఇంటర్నెట్‌తో వచ్చింది కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడ్ కెల్లర్ 1968లో ‘గుడ్‌బై, టీచర్’ అని ఒక వ్యాసం రాశారు. కోర్సును చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి రాతలో చేతికివ్వాలి, విద్యార్థి సిద్ధమయ్యానన్నప్పుడే పరీక్ష పెట్టాలి, ఒక భాగం బాగా వచ్చాకే తర్వాతి దానికి పంపాలి. ఉపన్యాసాలున్నా అవి ఉత్సాహపరచడానికే. ఈ పద్ధతి మీద అమెరికా కాలేజీల్లో జరిగిన అనేక అధ్యయనాలను 1979లో ఒకచోట చేర్చి చూస్తే, మామూలు తరగతుల్లో చదివినవాళ్లకన్నా వీళ్లకే చివరి పరీక్షలో మంచి మార్కులు వచ్చాయని తేలింది. అయితే కెల్లర్ పద్ధతిలో ఒక మనిషి ఉన్నాడు. ప్రోక్టర్ అని పిలిచే సీనియర్ విద్యార్థి ఎదురుగా కూర్చుని జవాబును అక్కడికక్కడే దిద్దేవాడు, ఇలా ఎందుకు రాశావని అడిగేవాడు. ఇవాళ్టి కోర్సులు కెల్లర్ దగ్గర పాఠాన్ని ముక్కలు చేయడం నేర్చుకున్నాయి, ప్రోక్టర్‌ను మాత్రం ఖర్చు తగ్గించుకోవడంలో భాగంగా వదిలించుకున్నాయి. ఇంకో మాట, వాయిదాల జబ్బు ఆనాడూ ఉంది. ఎప్పుడైనా పరీక్ష రాయొచ్చనేసరికి సెమిస్టర్ చివరిదాకా గడప తొక్కని వాళ్లు కెల్లర్ పద్ధతికి పెద్ద తలనొప్పి.

ఆ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే లెక్కలు మనకున్నాయి. హార్వర్డ్, ఎంఐటీ కలిసి 2012లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను మొదలుపెట్టాయి. అప్పటి నుంచి 2018 దాకా అవి నడిపిన కోర్సుల వివరాలను జస్టిన్ రీచ్, హోసే రుయిపెరెస్-వాలియెంటే అనే ఇద్దరు పరిశోధకులు 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో 52 శాతం మంది అసలు పాఠాల లోపలికే వెళ్లలేదు. 2017-18లో చేరినవాళ్లందరిలో కోర్సు పూర్తి చేసింది 3.13 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం.

ఈ అంకెలను చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. మెనూను ఒక వరుసలో పెట్టడం ఎలాగో తెలుసుకోవడానికి కోర్సులో చేరి, ఆ ఒక్క పాఠం చూసి వెళ్లిపోయినవాడు కూడా లెక్కలో వదిలేసినవాడే. ఆయనకు కావలసింది ఆయనకు దొరికింది. కానీ లోపలికే వెళ్లని ఆ సగం మంది సంగతి వేరు. పుస్తకం కొంటే చదివినంత తృప్తి కలిగే మనస్తత్వం మనందరిదీ. దానికి ‘లైఫ్‌టైమ్ యాక్సెస్’ తోడైంది. జీవితాంతం చూసుకోవచ్చన్న వీడియోను ఈ ఆదివారమే చూడాలనే అగత్యం ఎవరికుంటుంది? గడువు ఎంత పనిచేస్తుందో డాన్ ఏరియలీ, క్లౌస్ వెర్టెన్‌బ్రోక్ ఎంఐటీ విద్యార్థులతో చేసి 2002లో ప్రచురించిన ప్రయోగం చూపింది. గడువును తమంతట తాము పెట్టుకున్నవాళ్లు, ఏ గడువూ లేనివాళ్లకన్నా బాగానే చేశారు. బయటినుంచి సమాన వ్యవధుల్లో గడువులు ఎదురైనవాళ్లు ఇంకా బాగా చేశారు.

హైదరాబాద్‌లోని అమీర్‌పేట ఇన్నేళ్లు నిలబడింది ఇందుకేననిపిస్తుంది. అక్కడి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో బోధన గొప్పదా కాదా అన్నది పక్కన పెడదాం. పొద్దున ఏడు గంటల బ్యాచ్, ఊళ్లో అప్పు చేసి కట్టిన ఫీజు, హాస్టల్ గదిలో అదే కోర్సు చేస్తున్న ఇంకో ముగ్గురు: ఇవన్నీ గడువులే. జిరాక్స్ మెటీరియల్ ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చేసింది. ఏడు గంటల బ్యాచ్ ఫోన్‌లోకి రాలేదు.

గడువు సంగతి తేలినా, కూర్చుని చూడటమే నేర్చుకోవడం అనుకునే భ్రమ మిగిలే ఉంటుంది. మైకేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రయన్ అనే ఇద్దరు 2018లో ప్రచురించిన ప్రయోగాలు వీడియో కోర్సు చేసే ప్రతివారూ తెలుసుకోదగినవి. బల్లమీద గిన్నెలు కదలకుండా కింది గుడ్డను లాగేయడం, మూన్‌వాక్ చేయడం, డార్ట్‌ను గురిచూసి విసరడం లాంటి వాటిని వీడియోలో చూపించారు. కొందరు ఒకసారి చూశారు, కొందరు 20 సార్లు. ఎక్కువసార్లు చూసినవాళ్లకు తామూ చేయగలమనే ధీమా పెరిగింది, చేతిలో పని మాత్రం పెరగలేదు. కెన్ కోడింగర్ బృందం 2015లో ఒక ఆన్‌లైన్ మనస్తత్వ శాస్త్ర కోర్సును పరిశీలించి, చదవడం, వీడియో చూడటం వల్ల వచ్చే లాభంకన్నా అభ్యాసాలు చేయడం వల్ల వచ్చే లాభం ఆరు రెట్లకు పైనే అని లెక్క కట్టింది. వెబ్ విద్యార్థుల మధ్య దీనికి ‘ట్యుటోరియల్ హెల్’ అని పేరుంది. వీడియోలో సారు టైప్ చేస్తుంటే పక్కన తానూ అదే టైప్ చేస్తాడు, పేజీ వస్తుంది, సంబరపడతాడు. మర్నాడు ఖాళీ ఫైలు తెరిస్తే మొదటి వరుసలో ఏం రాయాలో తెలియదు. ఇంకో కోర్సు కొంటాడు.

ఇక్కడినుంచి కోర్సుల వైపు చూద్దాం. కోర్సులు అమ్మే సైట్ యుడెమీలో ఎప్పుడు చూసినా ఏదో ఒక డిస్కౌంట్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఐదొందల చుట్టుపక్కల కొన్ని పదుల గంటల వీడియో వస్తుంది. బోధన బాగున్నవి చాలానే ఉన్నాయి. కొనేముందు ఒక్కటి చూడాలి: కోర్సు ఏ కాలంలో తయారైంది? పేజీలో పెట్టెలను అమర్చడానికి సీఎస్ఎస్‌లో చాలాకాలం సరైన సాధనం లేదు. బొమ్మ చుట్టూ అక్షరాలు పారడానికి ఉద్దేశించిన ఫ్లోట్‌తోనే మొత్తం లేఔట్‌ను నెట్టుకొచ్చారు. తర్వాత ఫ్లెక్స్‌బాక్స్ వచ్చింది. 2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ ఒకే నెలలో సీఎస్ఎస్ గ్రిడ్‌ను అందుకున్నాయి. దాంతో అంతకుముందు తీసిన వీడియోలలో లేఔట్ పాఠం చాలావరకు పాతదైపోయింది. పైన ‘అప్‌డేటెడ్’ అన్న ముద్ర కనబడుతున్నా లోపల ఫ్లోట్ కోసం గంటలు గంటలు కేటాయించిన కోర్సును పక్కన పెట్టేయడం మేలు.

ఫ్రీకోడ్‌క్యాంప్ వేరే తరహా. క్విన్సీ లార్సన్ 2014లో మొదలుపెట్టిన ఈ లాభాపేక్ష లేని సంస్థ విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకోదు. బ్రౌజర్‌లోనే కోడ్ రాయిస్తుంది, రాసిందాన్ని అక్కడే దిద్దుతుంది. పేజీ కట్టే విద్యకు ఇంతకన్నా మంచి మొదటి మెట్టు నాకు కనబడలేదు. కానీ దాని హద్దు కూడా అక్కడే కనబడుతుంది. చాలాకాలంగా ఉన్న ‘ట్రిబ్యూట్ పేజ్’ ప్రాజెక్టునే తీసుకోండి. మీకు ఇష్టమైన వ్యక్తి మీద ఒక పేజీ కట్టాలి. శీర్షికకు ఫలానా ఐడీ ఉందా, బొమ్మ కింద వ్యాఖ్య ఉందా, తెర చిన్నదైతే బొమ్మ తగ్గుతోందా, అది తన పెట్టె మధ్యలో ఉందా అని యంత్రం ఒక్కొక్కటే సరిచూస్తుంది. అన్నీ పచ్చగా వెలిగితే పాస్. బొమ్మ మధ్యలో ఉందో లేదో యంత్రానికి తెలుసు. మధ్యలో ఉండటం బాగుందో లేదో తెలియదు. పసుపు మీద తెలుపు అక్షరాలతో, గజిబిజి శీర్షికతో, ఆ మహానుభావుడు ఎందుకు గొప్పవాడో పేజీ చివరికిగాని తెలియని పద్ధతిలో కట్టినా పచ్చదీపాలు వెలుగుతాయి. ఇది ఆ సంస్థ తప్పు కాదు, లక్షలమందికి ఉచితంగా నేర్పాలంటే యంత్రమే దిద్దాలి. కానీ సర్టిఫికెట్ మీద ‘డిజైన్’ అన్న మాట ఉంటుంది గదా, విద్యార్థి దాన్ని నమ్ముతాడు.

ది ఓడిన్ ప్రాజెక్ట్ ఇంకాస్త మొండిది. అదీ ఉచితమే. వీడియోలతో బుజ్జగించదు. చదవమంటుంది, విద్యార్థి సొంత కంప్యూటర్‌లో లైనక్స్ పెట్టుకుని, కోడ్‌లో మార్పులను భద్రపరిచే గిట్ వాడటం మొదటే నేర్చుకోమంటుంది, తర్వాత జవాబు చూపకుండా ప్రాజెక్టు చేతికిస్తుంది. మొదట్లో చేయించే వంటకాల పేజీకి అందం లేకపోయినా ఫర్వాలేదని తానే చెబుతుంది. తర్వాతి ల్యాండింగ్ పేజీకి నమూనా బొమ్మ ఇచ్చి అలాగే కట్టమంటుంది. చేయి తిరగడానికి దీన్ని మించింది లేదు. అయితే అందులోనూ ఏది ఎక్కడుండాలో ముందే ఎవరో తేల్చేశారు, విద్యార్థిది కట్టుబడి పని మాత్రమే. ఇక మొజిల్లా వారి ఎండీఎన్, 2005 నుంచి ఉన్నది, కోర్సుకన్నా నిఘంటువుగా ఎక్కువ పనికొస్తుంది. పక్కనే తెరిచి పెట్టుకోవాలి. డబ్ల్యూ3స్కూల్స్‌లో ఉదాహరణలు తేలిక. దానికీ వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీకీ సంబంధం లేదని మాత్రం గుర్తుంచుకుంటే చాలు.

తెలుగులో నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్ ఒక దారి. పది నిమిషాల చుట్టుపక్కల సాగే పాఠాలు, కొన్నిటికి తెలుగు గొంతు కూడా ఉంది. యూట్యూబ్‌లో తెలుగు, ఇంగ్లీషు కలిపి చెప్పేవాళ్లకు కొదవలేదు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు మొదటి రెండు వారాల భయాన్ని ఇవి పోగొడతాయి, అది చిన్న సాయమేమీ కాదు. ఆ తర్వాత ఎలాగూ ఇంగ్లీషులో రాసిన ఎర్రర్ మెసేజీని చదవాల్సిందే. సీఎస్ఎస్‌లో రంగు అనే మాటకు అమెరికా స్పెల్లింగే చెల్లుతుంది, బడిలో నేర్పిన బ్రిటిష్ స్పెల్లింగ్ రాస్తే బ్రౌజర్ ఒక్క మాటైనా అనకుండా వదిలేస్తుంది. కొత్తవాళ్లు ఒక పూటంతా దాంతో తల బాదుకుంటారు.

రెండో విద్య నేర్పుతామని వచ్చినవాటిలో ఎక్కువమందికి తెలిసింది కోర్సెరాలో 2021లో వచ్చిన గూగుల్ యూఎక్స్ డిజైన్ సర్టిఫికెట్. వాడుకరులను ప్రశ్నలడగడం, కాగితం మీద గీయడం, ఫిగ్మాలో నమూనా తయారు చేయడం అన్నీ ఒక క్రమంలో చెబుతుంది. దిద్దడం దగ్గరికొచ్చేసరికి తోటి విద్యార్థులకు అప్పగిస్తుంది. ఆలోచన మంచిదే, కెల్లర్ ప్రోక్టర్‌కు దూరపు చుట్టమనుకోవచ్చు. కానీ తోటివాడికి నా అంతే తెలుసు. అతనికి తన పని పాస్ కావాలి, నాకు నాది కావాలి. ‘గుడ్ వర్క్’ అని రాసి ముందుకు సాగిపోవడం ఇద్దరికీ సుఖం. శీర్షిక అక్షరాలు పెద్దవి చేసినా కన్ను బటన్ మీదికే ఎందుకు పోతోందో అక్కడ ఎవరూ చెప్పరు.

ఈ లోటుకు నేను చూసిన మందుల్లో మంచిది 2003 నాటి సీఎస్ఎస్ జెన్ గార్డెన్. డేవ్ షే అనే డిజైనర్ ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీని అందరి ముందు పెట్టి, అందులో ఒక్క అక్షరం మార్చకుండా సీఎస్ఎస్ మాత్రమే మార్చి కొత్త రూపం ఇవ్వమన్నారు. వందల రూపాలు వచ్చాయి. అదే మాటలు, అదే వరుస. ఒకచోట తోటలా, ఒకచోట పాత సినిమా పోస్టర్‌లా. ఏ కోర్సూ చెప్పకపోయినా వాటిలో నాలుగైదింటిని పక్కపక్కన పెట్టి, దీనిలో మొదట ఏది చదివాను, ఎందుకు అని కాగితం మీద రాసుకుంటే కన్ను తెరుచుకోవడం మొదలవుతుంది. ఇవాళ ఏ వార్తా సైట్‌తోనైనా ఈ పని చేయొచ్చు.

యంత్రం దిద్దగలిగిన కొన్నిటిని కూడా కోర్సులు వదిలేస్తున్నాయి, అది నాకు మింగుడుపడదు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. దీన్ని కొలవడం యంత్రానికి క్షణంలో పని. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2024లో 95.9 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది ఈ వెలిసిపోయిన అక్షరాల తప్పే. బొమ్మలకు రాయాల్సిన వివరణల విషయంలో యంత్రం దిద్దగలిగేదానికీ దిద్దలేనిదానికీ మధ్య గీత మళ్లీ కనబడుతుంది. వివరణ ఉందో లేదో యంత్రం చెబుతుంది. ‘బొమ్మ 1’ అని రాస్తే చూపులేని పాఠకుడికి ఏం ఒరిగిందో చెప్పదు. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోర్సుల్లో మాత్రం ఈ అధ్యాయం చివర్లో, ఓపిక ఉంటే చదువుకోండి అన్నట్టు ఉంటుంది.

తెలుగు పేజీ కట్టబోయినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. పరాయి భాషకు కుదిరిన కొలతలన్నీ ఇక్కడ బెసుకుతాయి. కోర్సులో నేర్పిన వరుసల ఎడం ఇంగ్లీషుకు చక్కగా సరిపోతుంది. తెలుగులో పై వరుస వత్తులు కింది వరుస గుడిదీర్ఘాల్లో గుచ్చుకుంటాయి. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ వచ్చినచోట చూడండి. ఆ ఎడాన్ని, అంటే లైన్-హైట్‌ను, పెంచాలి. పెంచితే కోర్సులో లెక్కకట్టిన పెట్టె ఎత్తు చాలదు. శీర్షికలన్నిటినీ పెద్ద బడిలో, అంటే క్యాపిటల్ అక్షరాల్లో, పెట్టి హుందాతనం తేవడం ఇంగ్లీషు డిజైనర్ల అలవాటు. తెలుగుకు పెద్ద బడి లేదు, ఆ సీఎస్ఎస్ ఆదేశం ఇక్కడ గాల్లో కలిసిపోతుంది. చాలా తెలుగు ఫాంట్లకు వాలు అక్షరాలు లేవు. వాలుగా చూపమంటే బ్రౌజర్ ఉన్న అక్షరాన్నే పక్కకు నెట్టేస్తుంది, చూడటానికి ఈదురుగాలిలో చిక్కుకున్నట్టుంటుంది. కాబట్టి గౌరవం, నొక్కు, హెచ్చరిక అన్నీ సైజు, బరువు, ఖాళీ, రంగు వీటితోనే చూపాలి. బటన్ మీద ఇంగ్లీషులో నాలుగైదు అక్షరాల మాట ఉన్నచోట ‘సమర్పించండి’ వచ్చి కూర్చుంటే బటన్ చిరిగిపోతుంది. లోపలి యంత్రాంగానికీ ఈ లిపి తేలిక కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరపు ఒక కూర్పు మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. అదే నెలలో ఆపిల్ సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

ఫాంట్ల పేదరికం ఒకప్పటంత లేదు. రామభద్ర, మండలి, మల్లన్న, సూరన్న, గిడుగు, గురజాడ, నోటో సాన్స్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. రామభద్ర లాంటి బరువైన అక్షరం శీర్షికకు బాగుంటుంది, పేరా అంతా దానితో నింపితే చదవలేం. ఈ మాట నేర్పే కోర్సు నాకు ఎక్కడా దొరకలేదు. తెలుగు పుస్తకాలు, పాత పత్రికల ముఖచిత్రాలు ముందేసుకుని కూర్చుంటే తెలుస్తుంది.

అక్షరం దాటితే ఫారం ఉంది. ముందు ‘ఫస్ట్ నేమ్’, తర్వాత ‘లాస్ట్ నేమ్’ అని రెండు పెట్టెలు చాలా కోర్సుల్లో ఫారాల మొదటి అభ్యాసం. మనకు ఇంటిపేరు ముందు, అదీ చాలామందికి ఒక్క అక్షరంగానే రికార్డుల్లో ఉంటుంది. ఒక్క అక్షరాన్ని ఒప్పుకోని పెట్టె ముందు మన పెద్దవాళ్లు ఎంత తికమక పడతారో ఎవరైనా చెబుతారు. ఏ పరీక్షా యంత్రం దృష్టిలోనూ ఆ ఫారంలో తప్పు లేదు. ‘పూర్తి పేరు’ అని ఒకే పెట్టె పెట్టొచ్చన్న తెలివి, ఆ పెట్టె ముందు ఇబ్బంది పడుతున్న మనిషిని చూస్తేనే వస్తుంది.

ఇన్ని అవస్థలెందుకు, వర్డ్‌ప్రెస్ ఉంది గదా అంటారు. నిజమే, ప్రపంచంలోని సైట్లలో 40 శాతానికి పైగా దానిమీదే నడుస్తున్నాయి. ఊళ్లో టిఫిన్ సెంటర్‌కో, ట్యూషన్ సెంటర్‌కో పేజీ కావాలంటే కోడ్ రాయనక్కర్లేదు. అప్పుడు మిగిలేది రెండో విద్యే, దానికి మినహాయింపు లేదు. కృత్రిమ మేధ సంగతీ అంతే. పేజీ ఎందుకు పక్కకు జరిగిపోతోందని అడిగితే చాట్‌జీపీటీ లాంటివి రాత్రి రెండింటికైనా ఓపికగా విప్పి చెబుతాయి, ఆ మేరకు కెల్లర్ ప్రోక్టర్ తిరిగొచ్చినట్టే. కానీ మొత్తం పేజీ రాసిపెట్టమంటే మళ్లీ ఇరవైసార్లు వీడియో చూసినవాళ్ల గుంపులో చేరిపోతాం. నా పేజీ ఎలా ఉందని అడిగితే ముందు మెచ్చుకుంటాయి, ఆ మెప్పును తలకెక్కించుకోకూడదు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే, మొదటి విద్యకు పైసా ఖర్చు పెట్టొద్దంటాను. ఫ్రీకోడ్‌క్యాంప్‌తో మొదలుపెట్టి, చేయి కుదిరాక ఓడిన్‌కు మారి, ఎండీఎన్ పక్కన పెట్టుకుంటే సరి. ప్రతి పాఠం తర్వాత వీడియో మూసేసి అదే పేజీని ఖాళీ ఫైలులో కట్టాలి. ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌లో ఇవి చేయొచ్చని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు, కాలేజీ ల్యాబ్‌లోనో గ్రంథాలయంలోనో గంట దొరికినా అదే మెరుగు. కొన్ని నెలలు గడిచాక నిజమైన పని ఒకటి వెతుక్కోవాలి. పాత విద్యార్థుల సంఘమో, వీధి చివరి టైలరో, ఎవరైనా సరే, ఫోన్ నంబరు మారితే పేజీలో మార్చమని వెంటపడే మనిషి కావాలి. ఆ పేజీని తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఎండలో నిలబడి, వయసు మళ్లినవాళ్ల చేతికిచ్చి చూడాలి.

ఇక డబ్బు పెట్టి కోర్సు కొనాలనుకుంటే, వీడియోలు ఎన్ని గంటలని కాక, నా పేజీని ఎవరు చూస్తారు, ఎన్నిసార్లు చూస్తారు, బాగాలేకపోతే బాగాలేదని చెబుతారా అని అడగాలి. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే, దానికీ ఉచితంగా దొరికేదానికీ తేడా వీడియోల నాణ్యత ఒక్కటే. ఆ నాణ్యతకు ఐదొందలు పెట్టొచ్చు, యాభై వేలు పెట్టనక్కర్లేదు.